ఇఛామతి: నవలలో నది, పటంలో గీత

క్రిందటేడు ఒక సాహిత్య పాఠశాలలో బెంగాలీ నవల మీద చర్చ జరిగింది. మాణిక్ బందోపాధ్యాయ విషయంలో అందరూ ఒక్క మాట మీద వున్నారు. తారాశంకర్ దగ్గర కొంచెం తడబడ్డారు. బిభూతిభూషణ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సభ రెండుగా చీలింది. ఒక మిత్రుడు లేచి నిలదీసినట్టే అడిగాడు: "ఈయన స్వగ్రామానికి కూతవేటు దూరంలో 1947లో దేశం తెగింది. మూడేళ్లకు ఆ వూరి నది పేరుతోనే 'ఇఛామతి' నవల వచ్చింది. విభజన గురించి అందులో ఒక్క మాట లేదు. దీన్ని పలాయనం అనకపోతే మరేమనాలి?" దానికి సమాధానంగా ఇంకొక మిత్రుడు, నది కాలానికి ప్రతీక అనీ, కాలప్రవాహం ముందు నీలి కొఠీలూ సరిహద్దులూ ఎంతటివనీ చక్కగా మాట్లాడాడు. చప్పట్లు ఆయనకే పడ్డాయి.

నాకు ఆ రెండు మాటలూ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అక్కడికక్కడ చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి నవల మళ్లీ చదివాను. (బెంగాలీ నాకు రాదు. అనువాదంలోనే చదివానని ముందే ఒప్పుకుంటున్నాను. అందుకే శైలి గురించి ఇక్కడ ఏమీ చెప్పను.) చదివిన తర్వాత నాకు తోచింది ఇది: నిందించిన మిత్రుడూ, సమర్థించిన మిత్రుడూ ఇద్దరూ నదిని చూడలేదు. ఒకరు నదిలో సరిహద్దు కోసం వెతికారు, మరొకరు తాత్వికత కోసం వెతికారు. నీళ్లు ఎక్కడినించి వస్తాయి, ఒండ్రు ఎక్కడ పడుతుంది, ఆ ఒండ్రు ఎవరి చేతిలో వుంటుంది అని ఎవరూ అడగలేదు. ఒక చిన్న నది పేరు పెట్టుకున్న నవలను చదవడానికి ముందుగా కావలసింది ఆ నది భూగోళం.

ఆ భూగోళం తెలుసుకోవడం సులభం కాదు. మా పాఠశాలలో పిల్లల చేతుల్లో వుండే అట్లాసులో బెంగాలు పేజీ తీస్తే గంగ, పద్మ, బ్రహ్మపుత్ర కనిపిస్తాయి. ఇఛామతి కనిపించదు. రెండు దేశాల మధ్య ముద్దగా వేసిన సరిహద్దు గీత కింద అది అణిగిపోయింది. దక్షిణాన కొంత మేర ఆ గీతే నది, ఆ నదే గీత. అయినా పేరు గీతకే దక్కింది.

పద్మ నుంచి మాథాభంగ అనే పాయ చీలుతుంది. మాథాభంగ దక్షిణంగా వచ్చి నదియా జిల్లా మాజ్‌దియా దగ్గర మళ్లీ రెండవుతుంది. ఒకటి చూర్ణి. అది పడమరగా పోయి హుగ్లీలో కలుస్తుంది. రెండోది ఇఛామతి. మొత్తం పొడవు సుమారు 200 కిలోమీటర్ల పైచిలుకు. పుట్టిన చోటినుంచి ఇరవై కిలోమీటర్లు పోకముందే ఇప్పటి బంగ్లాదేశ్‌లోకి దాటుతుంది. అక్కడ ముప్ఫై అయిదు కిలోమీటర్లకు పైగా తిరిగి దత్తపులియా దగ్గర మళ్లీ భారతదేశంలోకి వస్తుంది. బన్‌గావ్ మీదుగా దిగి, ఆంగ్రాయిల్ నుంచి కాలాంచి దాకా సుమారు 21 కిలోమీటర్లు తానే సరిహద్దవుతుంది. తర్వాత కొంత లోపలికి తప్పుకుని, ఇంకా దిగువన మళ్లీ సరిహద్దుగా మారి, బసీర్‌హాట్, టాకీ, హస్నాబాద్ దాటి కాళింది, రాయ్‌మంగల్ అనే పేర్లలో కలిసిపోయి సుందరవనాల గుండా సముద్రం చేరుతుంది. ఒకే ఏరు నాలుగుసార్లు దేశం మార్చుకుంటుంది, లేదా రెండు దేశాలకూ చెరొక ఒడ్డు ఇస్తుంది. గీత గీసినవాడు నదిని అనుసరించి గీసి వుంటే ఇట్లా వుండదు. జిల్లాల, ఠాణాల పాత హద్దులను అనుసరించి గీశాడు. నది ఆ హద్దుకు తగిలిన చోట సరిహద్దయింది, తగలని చోట కాలేదు.

ఇక నీళ్ల సంగతి. మాజ్‌దియా దగ్గర పాబాఖాలిలో పాయలు చీలే చోట ఇఛామతి అడుగు, మాథాభంగ అడుగు కన్నా దాదాపు 14 అడుగుల ఎత్తున వుందని చెబుతారు. అంటే పై నీరు వానాకాలం పొంగినప్పుడు తప్ప ఇఛామతిలోకి ఎక్కదు. ఎండాకాలంలో నదికి తల లేదు. అక్కడి రైలు వంతెన స్తంభాల రక్షణకు కట్టిన గోడలు పూడికకు ఒక కారణమంటారు. కలకత్తా నుంచి కుష్టియాకు ఆ రైలుమార్గం 1862లో వచ్చింది. అంతకన్నా పెద్ద కారణం ఇంకా పాతది. గంగ తన ప్రధాన ప్రవాహాన్ని శతాబ్దాల క్రితమే తూర్పుకు, పద్మలోకి మళ్లించుకుంది. పడమటి పాయలన్నీ అప్పటినుంచి నెమ్మదిగా చస్తున్నాయి. భూగోళవేత్తలు ఈ ప్రాంతాన్ని మృతప్రాయమైన డెల్టా అంటారు. పైభాగం గుర్రపుడెక్క పట్టిన మడుగుగా మారుతుంటే, దిగువభాగం సముద్రపు పోటుపాట్ల మీద బతుకుతుంది. పై ముక్క మంచినీరు, కింద ముక్క ఉప్పునీరు. రెంటికీ పేరు ఒకటే, స్వభావం ఒకటి కాదు.

ఇప్పుడు నవల తెరుద్దాం.

నవల మొదటి మాట నది చిన్నదని. వెంటనే రచయిత ఆ మాటను కొలత వేసి సరిచేస్తాడు. జెస్సోరు జిల్లాలో పారే మేరకే అది చిన్నది. దక్షిణాన అది భయంకరమైన ఉప్పునీటి నది అవుతుంది, అయితే ఆ సంగతి ఈ పల్లెల్లో ఎవరికీ పట్టదు. ప్రతీకల కోసం వెతికేవాళ్లు ఈ చోట ఆగరు. కాలానికి ప్రతీకగా నదిని తీసుకున్నవాడు జిల్లా పేరు ఎందుకు చెబుతాడు? ఏ ముక్క గురించి మాట్లాడుతున్నాడో ఎందుకు నిర్దేశిస్తాడు? ఇది సర్వే మనిషి మాట్లాడే తీరు. నవలలో అమీను పాత్ర వుండడం యాదృచ్ఛికం కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ "జెస్సోరు" అన్న మాట చూడాలి. బిభూతిభూషణ్ స్వగ్రామం బారక్‌పూర్, బన్‌గావ్ దగ్గర గోపాల్‌నగర్ పక్కన వున్న పల్లె. 1947 ఆగస్టు 17న రాడ్‌క్లిఫ్ తీర్పు ప్రకటించినప్పుడు జెస్సోరు జిల్లా పాకిస్తాన్‌కు పోయింది, దానిలోంచి బన్‌గావ్, గాయిఘాటా ఠాణాలు మాత్రం విడదీసి భారతదేశానికి ఇచ్చారు. వాటిని 24 పరగణాలలో కలిపారు. దిగువన ఖుల్నా జిల్లాలో భారత జెండా ఎగిరి రెండు రోజులు కాకముందే అది పాకిస్తాన్ అని తేలింది. ఆ రాడ్‌క్లిఫ్ ఈ దేశంలో అడుగు పెట్టి అప్పటికి ఆరు వారాలు కూడా కాలేదు. కనుక 1950లో నవల అచ్చయ్యేనాటికి బిభూతిభూషణ్ ఇల్లు జెస్సోరులో లేదు. అయినా ఆయన నది జెస్సోరులోనే పారుతోంది.

ఇంతవరకు వచ్చి, ఇదిగో విభజనకు వ్యతిరేకంగా రచయిత మౌన నిరసన అని నేను ఎగిరి గంతేసిన మాట నిజం. అయితే ఇంకొంచెం చదివితే ఆ ఉత్సాహం తగ్గింది. నవల కథాకాలం మొదలయ్యేది బెంగాలీ సంవత్సరం 1270లో, అంటే 1863లో. ఆనాడు బన్‌గావ్ ప్రాంతం నదియా జిల్లాలో వుంది. దాన్ని జెస్సోరుకు మార్చింది 1882లో. అంటే నవల మొదట్లో వున్న జెస్సోరు కథాకాలపు జిల్లా కాదు, రచనాకాలపు జిల్లా కూడా కాదు. 1894లో పుట్టిన రచయిత బాల్యంలో, యౌవనంలో వున్న జిల్లా అది. పాలకులు గీసిన మూడు గీతల్లో తాను పుట్టి పెరిగిన గీతనే ఆయన ప్రకృతి సహజం అనుకున్నాడు. దీన్ని నిరసన అనలేం. పలాయనం అని కొట్టిపారేయనూ లేం. గీతలు మారుతుంటాయి, మనిషి తన బాల్యపు గీతను ఏటి గట్టులాగా శాశ్వతం అనుకుంటాడు. మన చారిత్రక నవలల్లో కూడా జిల్లా పేర్లను ఈ దృష్టితో ఒకసారి పరీక్షిస్తే ఎన్నో విషయాలు బయటపడతాయని నా అనుమానం.

విచిత్రమేమంటే నవల వచ్చిన ఆ 1950 సంవత్సరంలోనే ఈ నది పుట్టుక మీద అంతర్జాతీయ తీర్పు ఒకటి వచ్చింది. రాడ్‌క్లిఫ్ తీర్పులో స్పష్టత లేని నాలుగు చోట్లను తేల్చడానికి స్వీడన్ న్యాయమూర్తి ఆల్గాట్ బాగె అధ్యక్షతన ట్రిబ్యునల్ వేశారు. ఆ నాలుగింటిలో ఒకటి, మాథాభంగ పాయ గంగ నుంచి సరిగ్గా ఎక్కడ చీలుతుంది అన్నది. ఇఛామతి తల్లికి తల ఎక్కడుందో రెండు ప్రభుత్వాలు వాదించుకున్నాయి. ఒండ్రు పడి ఏటేటా జరిగే ముఖాన్ని కాగితం మీద ఒక బిందువుగా నిలపాలని ప్రయత్నించాయి. నీరు దానిలోకి వస్తోందా లేదా అన్నది ఆ ట్రిబ్యునల్ ముందున్న ప్రశ్న కాదు.

ఇక నీలిమందు. 'ఇఛామతి' ఇతివృత్తం ఏమిటంటే నీలి కొఠీ పతనం అని చెప్పవచ్చు. మొల్లాహాటి కొఠీలో షిప్టన్ దొర, ఆయన దివాను రాజారాం రాయ్, అమీను ప్రసన్న చక్రవర్తి, కొఠీ నీడలో బతికే పల్లె పాంచ్‌పోతా. రాజారాం ముగ్గురు చెల్లెళ్లు తిలు, బిలు, నిలు. ఆ ముగ్గురినీ ఒకేసారి పెళ్లాడిన యాభై ఏళ్ల మాజీ సన్యాసి భవాని బెనర్జీ. కులీన బ్రాహ్మణ వివాహ వ్యవస్థ ఇది. కన్యాశుల్కం చదివి పెరిగిన మనకు ఇక్కడ గిరీశం నవ్వు వినిపించాలి. బిభూతిభూషణ్ నవ్వడు. ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా పెళ్లికాని తిలును, ఆ ఇంటి ప్రశాంతతను ప్రేమగా చిత్రిస్తాడు. ఆ ప్రేమలో అబద్ధం లేదు, కాని గురజాడ చూసిన క్రూరత్వం కూడా లేదు. నవల మీద నా మొదటి అసంతృప్తి ఇదే.

కొఠీ దగ్గరికి వద్దాం. నీలిమందు కొఠీలు ఏటి ఒడ్డునే ఎందుకు లేచాయి? దొరలకు ప్రకృతి సౌందర్యం మీద మమకారమా? నీలి మొక్కకు ఏటేటా వరద వదిలే కొత్త ఒండ్రు కావాలి. వరద తీసిన కార్తీకంలో లంకల మీద తడి ఆరకముందే, దున్నకుండానే విత్తనం చల్లేవారు. మెరక భూముల్లో వసంతంలో దున్ని చల్లేవారు. మళ్లీ వరద రాకముందే కోయాలి. కోసిన మోపులు ఎండిపోకుండా ఆ రోజే తొట్లలో పడాలి కనుక పడవ కావాలి, రేవు కావాలి. తొట్లు నింపడానికి నీరు కావాలి. నానబెట్టి, ఆ నీటిని చిలికి, మడ్డిని కాచి, ఒత్తి, బిళ్లలు కోసి, పెట్టెల్లో పెట్టి కలకత్తాకు పంపడానికి మళ్లీ నదే దారి. నది ఇక్కడ దృశ్యం కాదు, ఉత్పత్తి సాధనం. మెరక భూముల్లో రైతు వేసుకునే వరి కూడా అదే వానకు, అదే భూమిలో పండాలి. రైతుకు వరి అన్నం పెడుతుంది, నీలి అప్పు పెడుతుంది. బిఘాకు రెండు రూపాయల బయానా ఒకసారి చేతిలో పడితే దాని బాకీ తండ్రినుంచి కొడుక్కు దిగేది.

ఏ పొలంలో నీలి వెయ్యాలో నిర్ణయించేది రైతు కాదు. కొఠీ అమీను గొలుసు పట్టుకుని వచ్చి, మంచి పొలం చూసి, హద్దు వేసి గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు పడ్డ నేలలో వరి వేస్తే నేరం. నవలలో ప్రసన్న చక్రవర్తిని మనం కొంత జాలితో, కొంత నవ్వుతో చూస్తాం. గయా మేమ్ వెంట ఆశగా తిరిగే మధ్యవయస్కుడు. అతని చేతిలోని గొలుసు మాత్రం నవ్వులాట కాదు. ఇఛామతి ఒడ్డున మొదటి గీత గీసినవాడు రాడ్‌క్లిఫ్ కాదు, ఈ అమీనే. పరదేశపు పెట్టుబడి కోసం, ఆ నేలను దున్నేవాడిని అడగకుండా, ఒండ్రు నేల మీద గీసిన గీత అది. విభజన గురించి నవలలో ఒక్క మాట లేదన్న మిత్రుడికి నేను చూపించదలచుకున్నది ఈ గొలుసునే. రచయిత ఆ పోలికను ఉద్దేశించి రాశాడని నేను అనడం లేదు. ఆ నేల గురించి నిజాయితీగా రాసినవాడికి ఆ గొలుసు తప్పించుకోలేనిది, అంతే.

పొరుగున వున్న ఇంకొక రచయితతో పోల్చి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. 'నీల్ దర్పణ్' నాటకం రాసిన దీనబంధు మిత్ర పుట్టిన చౌబేరియా కూడా గోపాల్‌నగర్ పరిసరాల్లోదే. బారక్‌పూర్‌కు అదేమంత దూరం కాదు. 1859-60లో నదియా, జెస్సోరు రైతులు నీలి వెయ్యమని తిరగబడ్డారు. 1860లో నాటకం ఢాకాలో అచ్చయింది. మరుసటి ఏడు దాని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించినందుకు పాద్రీ జేమ్స్ లాంగ్‌కు నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జుల్మానా పడ్డాయి. ఆ జుల్మానా కాళీప్రసన్న సింహ కోర్టులోనే కట్టాడు. ఒక రచన ప్రభుత్వాన్ని ఇంతగా కలవరపెట్టిన సందర్భాలు మన సాహిత్య చరిత్రలో తక్కువ. 'నీల్ దర్పణ్' కొఠీ దౌర్జన్యాన్ని, కొరడాను, కోర్టును నేరుగా రంగం మీదకు తెచ్చింది. ఉద్యమం నడుస్తుండగా రాసిన రచనకు ఆ వేడి సహజం. తొంభై ఏళ్ల తర్వాత బిభూతిభూషణ్ రాసినప్పుడు ఆ వేడి లేదు. దానికి బదులు ఆ నేల రోజువారీ లెక్క వుంది. సంతకు తమలపాకులు, వక్కలు నెత్తిన పెట్టుకుని పోయే నాలు పాల్ అనే కుర్రవాడు నవల సాగేకొద్దీ పెద్ద వర్తకుడవుతాడు. కొఠీ దిగజారుతుంటే వర్తకుడు పైకి వస్తాడు. పరాయి పెట్టుబడి తప్పుకున్న జాగాలోకి దేశీయ వర్తక పెట్టుబడి ఎట్లా ప్రవేశిస్తుందో చూపడానికి మన విమర్శకులు ఎన్నో గ్రంథాలు తిరగేస్తారు. ఈ నవలలో అది ఒక మంచి కుర్రవాడి ఎదుగుదలగా, ఎవరికీ కోపం రానంత మెల్లగా జరిగిపోతుంది. రచయితకు నాలు పాల్ అంటే ఇష్టం. ఆ ఇష్టం వల్లనే ఆ పాత్ర నిజమయింది. ఆ ఇష్టం వల్లనే, రేపు అతనికి బాకీ పడబోయే రైతు మనకు కనిపించడు.

రామకానాయి అనే పేద వైద్యుడు వున్నాడు. కొఠీ తరఫున అబద్ధపు సాక్ష్యం చెప్పమంటే చెప్పడు. కొట్టినా చెప్పడు. రోగులు ఇచ్చే గింజల మీద బతికే మనిషి. దివాను రాజారాం మాత్రం చివరకు రైతుల చేతుల్లోనే చస్తాడు. దివానును మంచి అన్నగా, చెడ్డ ఉద్యోగిగా రెండు విధాలా చూపడంలో రచయిత ఎక్కడా తొందరపడలేదు. వర్గ స్వభావం అనే మాట ఎరగకుండానే, ఒకే మనిషి ఇంట్లో ఒక తీరుగా, కచేరీలో ఒక తీరుగా ఎందుకుంటాడో ఆయన పట్టుకున్నాడు. పలాయనవాది చేయగల పని కాదు ఇది.

అయితే బిభూతిభూషణ్‌ను కడిగి ముత్యంలా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. నా రెండో అసంతృప్తి మొదటిదానికన్నా పెద్దది. ఈ నవల నదిని చూసే చోటు స్నానాల రేవు. బ్రాహ్మణ గృహిణులు నీళ్లకు వచ్చే రేవు, సాయంత్రం భవాని కూర్చునే గట్టు. అక్కడినుంచి ఎదుటి ఒడ్డు అందంగా కనిపిస్తుంది. నది మీద బతికేవాడికి కనిపించే నది వేరు. మాణిక్ 'పద్మా నదీర్ మాఝీ' (1936)లో కుబేరుడు పడవలోంచి పద్మను చూస్తాడు. రాత్రంతా పులస కోసం వల వేసి, తెల్లవారి వాటాల దగ్గర మోసపోతాడు. అద్వైత మల్లవర్మన్ స్వయంగా మాలో జాలరి కుటుంబంలో పుట్టినవాడు. ఆయన చనిపోయిన తర్వాత 1956లో పుస్తకంగా వచ్చిన 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్'లో నది పూడిపోతుంది, లంక లేస్తుంది. లేచిన లంకను బలమున్న రైతులు ఆక్రమిస్తారు, జాలరికి నీళ్లూ నేలా రెండూ లేకుండా పోతాయి. ఋత్విక్ ఘటక్ 1973లో దాన్ని సినిమాగా తీశాడు. ఒండ్రు పడడం అనే భౌగోళిక విషయం వర్గ ఘర్షణగా ఎట్లా మారుతుందో 'తితాస్' చూపినంత సూటిగా 'ఇఛామతి' చూపలేదు. ఇఛామతి కూడా పూడిపోతున్న నదే, రచయితకు అది తెలుసు. కాని రేవు మెట్ల మీద కూర్చున్నవాడికి పూడిక ఒక దిగులు మాత్రమే, ఆకలి కాదు.

ఇంకొక విషయం. నీలి రైతుల్లో ముస్లింలు ఎంత పెద్ద భాగమో అందరికీ తెలుసు. తిరుగుబాటులో హిందూ, ముస్లిం రైతులు కలిసే నిలబడ్డారు. 1860లో లెఫ్టినెంట్ గవర్నర్ గ్రాంట్ కుమార్, కాళీగంగా నదుల మీద ప్రయాణం చేస్తుంటే అరవై, డెబ్భై మైళ్ల మేర రెండు గట్ల మీదా రైతులు బారులు తీరి న్యాయం చెయ్యమని అడిగారు. రెండు గట్ల మీదా! ఎనభై ఏడేళ్ల తర్వాత ఈ ప్రాంతపు నదుల గట్లను మతం పేరుతో పంచిపెట్టబోతున్నవాళ్లు ఆ దృశ్యాన్ని తలచుకోలేదు. 'ఇఛామతి'లో ముస్లిం రైతు కనిపిస్తాడు, మాట్లాడతాడు, ఎదురు తిరుగుతాడు. కాని నవల అతని ఇంటిలోపలికి వెళ్లదు. అతని అన్నం కంచం మనం చూడం. తిలు వంటింట్లో ఏముందో మనకు తెలుసు. విభజన గురించి రాయలేదన్న ఆరోపణ కన్నా ఇది నిజమైన ఆరోపణ. విభజన మాట ఎత్తకపోవడం కథాకాలం బట్టి సహజం. ఎదుటి మనిషి ఇంటి గడప దాటకపోవడానికి కథాకాలం కారణం కాదు. ఆ గడప దాటని సాహిత్యం వున్న చోట గీత గీయడం ఎవరికైనా తేలికవుతుంది.

ఇప్పుడు ఆ నది దగ్గర ఏముంది? బసీర్‌హాట్, టాకీ ప్రాంతంలో పోటు నీటిని మడుగుల్లోకి వదిలి, అది దింపిన ఒండ్రును తీసి ఇటుకలు కాలుస్తున్నారు. గట్టు పొడుగునా బట్టీల పొగగొట్టాలు. నూట అరవై ఏళ్ల క్రితం ఏ ఒండ్రు కోసం నీలి కొఠీలు వచ్చాయో ఆ ఒండ్రే ఇప్పటి పెట్టుబడికీ సరుకు. బట్టీల్లో వలస కూలీలు కుటుంబాలతో సహా పనిచేస్తున్నారు. ఇంకొంచెం అవతల చేలను ఉప్పునీటి చేపల చెరువులుగా మార్చారు. నేల మీద సరిహద్దుకు ముళ్లకంచె వుంది. నీళ్ల మీద కంచె వెయ్యలేరు కనుక అక్కడ గస్తీ పడవలు తిరుగుతాయి. టాకీలో దసరా దశమినాడు రెండు దేశాల పడవలూ విగ్రహాలతో నడినదికి వచ్చి కలిసిపోయే ఆచారం చాలాకాలం సాగింది. తర్వాత ఆంక్షలు వచ్చాయి. ఎవరి పడవ వారి నీళ్లలోనే తిరిగి వెళ్లాలి. కౌశిక్ గంగూలీ 2017లో విడుదలైన 'బిసర్జన్' సినిమాకు ఆ నిమజ్జనం రోజునే ఆధారం చేసుకున్నాడు. అటు గట్టున వున్న హిందూ వితంతువు, ఇటునుంచి కొట్టుకువచ్చిన ముస్లిం యువకుణ్ణి కాపాడుతుంది. మంచి మనసుతో తీసిన సినిమా. మనుషుల మతాలను తారుమారు చేసి పెట్టడంలో తెలివి వుంది. కాని అక్కడ కూడా నది ఇద్దరు ప్రేమికుల మధ్య అడ్డంగా నిలబడ్డ నీళ్లే. దాని ఒండ్రు ఎవరు తవ్వుకుంటున్నారో కెమెరా చూడదు.

పై భాగంలో, బిభూతిభూషణ్ వూరి దగ్గర, గుర్రపుడెక్క తీయించమనీ, పూడిక తవ్వించమనీ ప్రజలు ఏళ్ల తరబడి అడుగుతూనే వున్నారు. 2000 సెప్టెంబరు వరదల్లో నీరు పోయే దారిలేక ఆ ప్రాంతం ఎంత నష్టపోయిందో చూసినవాళ్లకు పూడిక అంటే దిగులు కాదు. అయితే ఎక్కడో ఒక ముక్క తవ్వితే ప్రయోజనం లేదు. మాజ్‌దియా దగ్గర తల తెరవాలి, మధ్యముక్క పొరుగుదేశంలో వుంది, దిగువముక్కలో నడినది సరిహద్దు. నాలుగుసార్లు దేశం మారే నదిని ఒక దేశం బాగు చెయ్యలేదు.

బిభూతిభూషణ్ 'ఆరణ్యక్' మనకు సూరంపూడి సీతారాం గారి చేతిమీదుగా 'వనవాసి'గా చాలాకాలం కిందటే వచ్చింది. ఎంతమంది తెలుగు రచయితలు దాన్ని అడవి వర్ణన కోసం చదివారో నాకు తెలుసు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. అందులో కథ చెప్పేవాడు జమీందారు తరఫున అడవి భూములను కౌళ్లకు ఇచ్చి, అడవిని నరికించడానికి వచ్చిన మేనేజరని, ఆ వర్ణనంతా ఆ పనిచేస్తూ చేసిందని తరగతిలో పాఠంగా చెప్పేటప్పుడు గాని నాకు తట్టలేదు. 'ఇఛామతి'కి కూడా మనం అదే అన్యాయం చేస్తున్నాం. దానికి మరణానంతరం 1951లో వచ్చిన రవీంద్ర పురస్కారం గురించి రాస్తాం, నది ప్రతీకను గురించి రాస్తాం. ఆయన చివరిదాకా గోపాల్‌నగర్ బడిలో పంతులుగా పనిచేశాడని ముచ్చటగా రాస్తాం. (నేనూ పంతులునే కనుక ఆ మాట నాకూ ఇష్టమే.) మన నదుల మీద వచ్చే కవిత్వంలోనూ ఇదే జరుగుతోంది. ఈ ఏడాది మా జిల్లాలో వచ్చిన సంకలనాలు మూడు చదివాను. మూడింటిలోనూ ఏరు వుంది. ఇసుక లారీ ఒక్కదానిలో వుంది.

పాఠశాలలో నిలదీసిన మిత్రుడికి ఈ విషయాలన్నీ వుత్తరంగా రాశాను. అమీను గొలుసు గురించి రాసిన పేజీ ఆయనకు నచ్చింది, ఆ మేరకు పలాయనం అన్న మాట వెనక్కు తీసుకుంటానన్నాడు. అయితే చివర ఒక ప్రశ్న వేశాడు. అమీను గుర్తుపెట్టిన పొలం ఎవరిది, ఆ రైతు పేరేమిటి, ఆ రాత్రి వాళ్లింట్లో ఏం జరిగింది, నవలలో ఏ పేజీలో వుందో చూపించమన్నాడు. మళ్లీ మొదటినుంచి వెతికాను. ఆ పేజీ లేదు.